ఒంటి తుమ్ము

పోయిన వారం దేదీప్యను టౌన్‌షిప్ హాలు గుమ్మంలో, చేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. లోపలికి వెళ్తుందా, వచ్చిన దారినే పోతుందా అని మీలో చాలామంది అడిగారు. వెళ్ళింది. వెళ్ళకుండా ఉంటే ఆ పూట ఇంత అన్నం తిని పడుకునేది, ఈ వారం నాకు రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడే కథలోకి వస్తున్నవాళ్ళకి జరిగింది క్లుప్తంగా చెబుతాను. దేదీప్యది కాకినాడ. పిస్కాటవేకి పక్కనే ఉన్న ఈ చిన్న టౌన్‌షిప్‌లో, డాక్టర్ రామమోహనరావు గారి ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటూ మాస్టర్స్ చదువుతోంది. చలికాలం పొద్దున్నే డాక్టరు గారి పాత కారు స్టార్ట్ చేసి, అద్దం మీద మంచు గీకి, హీటర్ వేసి ఉంచడం ఆ పిల్ల వంతు. దాన్ని పని అని ఎవరూ అనలేదు. ఇంట్లో పిల్లలా ఉంటోంది అన్నారు, అలా అంటే చాకిరీకి పేరు మారిపోతుంది కాబట్టి. జనవరిలో ఒకరోజు అలా వేడెక్కుతున్న కారును ఎవడో ఎక్కి తోలుకుపోయాడు. రెండు వీధుల అవతల బస్సు కోసం నిలబడ్డ వినీత్ మీదికి ఎక్కించేసి, కారక్కడే పడేసి పారిపోయాడు. వినీత్ దేదీప్య క్లాస్‌మేట్, వరంగల్ అబ్బాయి. అతనికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

దొంగ దొరకలేదు, దేదీప్య దొరికింది. కారు ఆన్‌లో పెట్టి లోపలికి వెళ్ళింది నేనేనని పోలీసులకు సంతకం చేసి ఇచ్చింది. ఇవ్వమన్నది రామమోహనరావు గారే. "వీసా మీదున్న పిల్లవి, వాళ్ళతో వాదన పెట్టుకోకు. ఒప్పుకుంటే చిన్న జరిమానా టికెట్‌తో పోతుంది. మిగతాది నేను చూసుకుంటాగా" అన్నాడు. గుండె డాక్టరుగా ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఊరడించిన గొంతు అది. నమ్మింది. గుమ్మం మీద కెమెరా ఉంది కదా అంకుల్ అని అడిగితే, "దాని బ్యాటరీ ఆ రోజే పోయిందమ్మా, మన ఖర్మ" అన్నాడు. అదీ నమ్మింది.

ఇక హాలు. పైన చెక్క బల్ల వెనక కౌన్సిల్ వాళ్ళు కూర్చున్నారు. మధ్యలో చైర్‌పర్సన్, నెరిసిన జుట్టావిడ, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని. బల్ల మీదున్న విషయం ఒక్కటే. ఇంజను ఆన్‌లో ఉంచి, మనిషి లేకుండా కారును వదిలేయడాన్ని ఇప్పటిలా చిన్న టికెట్‌తో పోనివ్వకుండా నేరం చెయ్యాలా వద్దా? రోడ్డు మీదైనా, సొంత ఇంటి ముందు డ్రైవ్‌వేలోనైనా.

సగం కుర్చీల్లో మన వాళ్ళే ఉన్నారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో సెక్రటరీ హర్షవర్ధన్ పిలుపిచ్చాడు. డాక్టరు గారు మాట్లాడుతున్నారు, మన బలం కనిపించాలి, ఫ్యామిలీలతో రండి అని. పిలిస్తే ఎక్కడికైనా ఫ్యామిలీలతో వచ్చే జాతి మనది. ముందు వరసలో లీల ఆంటీ కాశ్మీరు శాలువా కప్పుకుని కూర్చుంది. దేదీప్య వెనక వరసలో ఖాళీ చూసుకుని కూలబడింది. పక్కన ఉమామహేశ్వరి ఆంటీ. ఈ దేశం వచ్చిన మొదటి నెలలో దేదీప్యకు ఆవకాయ జాడీ ఇచ్చి, "ఇక్కడ నీకు అమ్మ లేదనుకోకు" అన్నావిడ. ఇప్పుడు నవ్వింది గానీ, ఒళ్ళో బ్యాగు తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

వినీత్ మైకుకు దగ్గరగా, నడవలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. దేదీప్య వైపు చూడలేదు. హాస్పిటల్‌లో ఒకే ఒక్కసారి మాట్లాడాడు. "తాళం తీసుకొని పోతే అయిపోయేది గద దేదీ. తాళమే గద." తిట్టినా బాగుండేది. తిట్టలేదు. అప్పటినుంచి ఆ పిల్ల ఏ తాళం చప్పుడు విన్నా తన జేబు తడుముకుంటోంది. టికెట్ పడనీ, వీసా ఏమన్నా కానీ, వినీత్‌కు మాత్రం తను అలా వదిలేసి పోయిన మనిషి కాదని తెలియాలి. ఆమె హాలు గుమ్మం దాటింది అందుకే. అయితే ఎలా తెలుస్తుందో ఆమెకే తెలియదు.

ముందుగా ఒక రియల్ ఎస్టేట్ పెద్దమనిషి లేచాడు. ఎర్రటి మొహం, పొట్ట మీద బిగుసుకున్న కోటు. "నా ఇల్లు, నా డ్రైవ్‌వే, నా పెట్రోలు. మా అమ్మకు ఆస్తమా, మంచుగడ్డలాంటి కారులో ఆవిణ్ణి ఎక్కించమంటారా? దొంగతనం చేసేది దొంగ. జరిమానా నాకా? రేపు వంటింటి కిటికీ తెరిచి పెట్టినందుకు కూడా జైల్లో వేస్తారా?" అని కేకలేశాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఎవరేమనుకున్నా, అందులో న్యాయం లేకపోలేదు.

తర్వాత మన డాక్టరు గారు. బూడిదరంగు సూటు, ఎర్ర టై. మైకు ఎత్తు సరిచేసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ అబ్బాయిని చూడండి," అని వినీత్ వైపు చెయ్యి చాపాడు. ఎగ్జిబిషన్‌లో వస్తువును చూపించినట్టు చూపించాడు. "నా ఇంట్లో ఉంటున్న ఒక విద్యార్థిని, మంచి పిల్లే, చెడ్డదని నేననను. కానీ నిర్లక్ష్యం. కారు ఆన్‌లో వదిలి ఒక్క నిమిషం చలి కాచుకుందామని లోపలికి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పానో! ఈ తరానికి మాటలు చాలవు, చట్టం కావాలి. ఆమెను నేను క్షమించాను. కానీ క్షమించడానికి ప్రతి ఇంట్లో నాలాంటి వాడు ఉండడు కదా."

మన వాళ్ళు చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ మెడలు తిప్పి దేదీప్యను చూశారు. ఆ పిల్ల తల దించుకుంది. తలదించుకుంటే ఒప్పుకున్నట్టని తెలుసు, అయినా మెడ మాట వినలేదు. చట్టం వచ్చినా ఏమడుగుతుంది? తాళం తిప్పిన చెయ్యి ఎవరిదని అడుగుతుంది. అలాగే వదిలెయ్ అన్న నోరు ఎవరిదని అడగదు.

అప్పుడు ఈ చట్టం ప్రతిపాదించిన కౌన్సిల్ సభ్యుడు, కుర్రాడే, ఉత్సాహంగా అన్నాడు. "డాక్టరు గారి సహకారంతో ఆ రోజు ఉదయం రికార్డైన వీడియో మన దగ్గరుంది. వాళ్ళ భాషలో మాటలకు ఆయనే ఇంగ్లీషు చేసి ఇచ్చారు. చూద్దాం."

దేదీప్య తలెత్తింది. వీడియో?

రామమోహనరావు గారు తాపీగా వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. సౌండ్ పెట్టరు, బొమ్మా కింద అక్షరాలూ మాత్రమే వస్తాయని కౌన్సిల్ వాళ్ళు ఆయనతో ముందే ఒప్పుకున్నారు. ఆ సంగతి మైకులూ స్పీకర్లూ చూసుకునే మనిషికి ఎవరూ చెప్పలేదు. లైట్లు తగ్గాయి.

తెర మీద మంచు కప్పిన డ్రైవ్‌వే. కారు వెనక తెల్లటి పొగ. ఎర్ర జాకెట్‌లో దేదీప్య అద్దం గీకడం ముగించి గుమ్మం వైపు వచ్చింది. కెమెరా కింద డాక్టరు గారి తల, బట్టతల మీద కొత్త టోపీ. ఆ రోజు ఆయన గుడి ట్రస్టీ పదవికి నామినేషన్ వెయ్యడానికి బయల్దేరాడు. తెర మీద దేదీప్య తుమ్మింది. హాలంతా వినపడేలా, ఒక్కటంటే ఒక్క తుమ్ము.

వెంటనే స్పీకర్లలో లీల ఆంటీ గొంతు, అచ్చ తెలుగులో. "అయ్యో, ఒంటి తుమ్ము! ఆగండాగండి. నామినేషన్‌కి వెళ్తూ ఒంటి తుమ్మేమిటండీ! ఇంకోటి తుమ్మవే అమ్మాయ్. రావట్లేదూ? అయితే లోపలికొచ్చి కూచుని, కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరండి."

తెర కింద ఇంగ్లీషు అక్షరాలు: 'దయచేసి వచ్చి కూర్చోండి.'

"ఉండండంకుల్, కార్ ఆఫ్ చేసి తాళం తెచ్చేస్తాను," అంది తెర మీది దేదీప్య.

'అంకుల్, చలిగా ఉంది, నేను లోపలికి వచ్చేస్తాను,' అన్నాయి అక్షరాలు.

"వద్దు. బయల్దేరదీసిన బండి ఆపితే అది మరీ అరిష్టం. దాన్నలాగే ఉండనీ," అన్నాడు తెర మీది డాక్టరు గారు.

"పోనీ నేను ఇక్కడే నిలబడి చూస్తుంటాను."

"నిలబడి ఏం చేస్తావ్, మళ్ళీ తుమ్ముతావా? లోపలికి తగలడు. నేను బయటికొచ్చేటప్పుడు నీ మొహం ఎదురు రాకుండా కిందికి పో."

'వద్దు. ముందు కారు ఆపి, తాళం తీసుకుని రా,' అన్నాయి అక్షరాలు.

తలుపు మూసుకున్న చప్పుడు. ఖాళీ డ్రైవ్‌వే, పొగ. లోపల పెద్దాయన సోఫాలో కూర్చుని అపశకునం పోవడానికి గుక్కగుక్కగా నీళ్ళు తాగుతూ ఉండగా, బయట హుడ్ వేసుకున్న ఆకారం ఒకటి వచ్చి, అటూ ఇటూ చూసి, కారెక్కి వెళ్ళిపోయింది. వీడియో అయిపోయింది.

లైట్లు వచ్చాయి. దేదీప్య కుర్చీ అంచుకు జరిగింది. సంతోషం, చెప్పక్కర్లేదు. తను నోరు విప్పకుండానే నిజం బయటికొచ్చింది. హాల్లో ఉన్న తెలుగువాళ్ళంతా విన్నారు. ఇంతమంది విన్నాక ఇంకేం కావాలి?

అమాయకురాలు. ఉమామహేశ్వరి ఆంటీ తన కొంగు అంచున దారప్పోగు ఒకటి కనిపిస్తే దాన్ని లాగుతూ కూర్చుంది. ఆ దారం తప్ప ప్రపంచంలో ఇంకేం లేనట్టు లాగింది. ఆంటీ భర్త ఫోన్ తీశాడు. ఆ ముందు వరసలో ఒకాయన దగ్గాడు. హర్షవర్ధన్ పైకప్పులో లైట్లు చూస్తున్నాడు. అందరికీ రేపు డాక్టరు గారితో పనుంది. ఒకరి కొడుక్కి మెడికల్ స్కూల్ సిఫారసు కావాలి, ఇంకొకరి కూతురి అరంగేట్రానికి ఆయన ముఖ్య అతిథి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఊరికే కూర్చున్నారంతే.

"ఆంటీ, విన్నారుగా?" దేదీప్య గొణిగింది.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అంది ఆంటీ పెదవులు కదపకుండా. "పెద్దాయన. పోనిద్దూ. నీకు టికెట్టేగా, ప్రాణం పోలేదుగా."

అనుమానం వచ్చింది ఎవరికంటే, తెలుగు ముక్క రాని ఆ రియల్ ఎస్టేట్ ఆయనకి. "ఒక్క నిమిషం. ఆయన అంతసేపు మాట్లాడాడు, కింద ఒక్క లైనే పడిందేమిటి?"

చైర్‌పర్సన్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "నాకూ అలాగే అనిపించింది. ఈ హాల్లో ఆ భాష తెలిసినవాళ్ళు ఉన్నారా? కింద రాసింది సరైనదేనా? ఎవరైనా చెప్పగలరా?"

హాల్లో సగం మంది పుట్టినప్పటినుంచీ ఆ భాషే మాట్లాడుతున్నారు. ఏటా పిల్లలకు తెలుగు పద్యాల పోటీలు పెట్టి కప్పులిస్తారు. ఒక్క చెయ్యి లేవలేదు. రామమోహనరావు గారి మెడ మీద చెమట పట్టింది, అయినా వెనక్కి తిరిగి తన వాళ్ళనొకసారి చూసి, నెమ్మదిగా తలూపాడు. ఆయన లెక్క తప్పలేదు.

అప్పుడు చక్రాల కుర్చీ కదిలింది. "నాకు తెలుగు వచ్చు," అన్నాడు వినీత్ ఇంగ్లీషులో. మైకు దగ్గరికి వెళ్ళాడు.

దేదీప్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను విన్నాడు. ఇక చాలు. ఈ హాలు మొత్తం కుళ్ళిపోయినా పర్వాలేదు, అతను విన్నాడు.

వినీత్ మైకు పట్టుకున్నాడు. ముందు వరసలో డాక్టరు గారిని చూశాడు. తర్వాత, ఇన్ని వారాల్లో మొదటిసారి, దేదీప్యను చూశాడు. చూపు తిప్పుకోకుండానే అన్నాడు.

"ట్రాన్స్‌లేషన్ కరెక్టే."

మన వాళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. వెనక నుంచి ఎవరో "పాపం, మంచి పిల్లాడు" అన్నారు కూడా.

దేదీప్య లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. ఉమామహేశ్వరి ఆంటీ జాకెట్ పట్టి లాగితే జిప్ ఊడి వచ్చింది. నడవ దాటి మైకు దగ్గరికి వచ్చేసింది. "ఆ వీడియోలో ఉన్నది నేనే," అంది. "కింద రాసింది తప్పు. మళ్ళీ వెయ్యండి. అక్షరాలు తీసేసి వెయ్యండి. నేను చెబుతాను."

బల్ల చివర కూర్చున్న టౌన్‌షిప్ లాయరు గొంతు సవరించుకున్నాడు. మర్యాదగానే చెప్పాడు, కోతంతా ఆ మర్యాదలోనే ఉంది. "మిస్, మీరు పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్ మా దగ్గరుంది. ఇప్పుడు వేరేగా చెబితే, అప్పుడు పోలీసులకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టవుతుంది. మీరు స్టూడెంట్ వీసా మీద ఉన్నారనుకుంటాను. లాయరును కలిసి మాట్లాడటం మంచిది."

రామమోహనరావు గారు లేచి వచ్చాడు. ఒక మంచినీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికందించాడు. అందరికీ ఎంత కన్నతండ్రిలా కనిపించాడో! "కూచో అమ్మా. కాసిని నీళ్ళు తాగు. కంగారులో ఏదో ఒకటి అనేస్తే తర్వాత నువ్వే బాధపడతావు," అన్నాడు తెలుగులో. గొంతు ఇంకా తగ్గించాడు. "బేస్‌మెంట్ ఖాళీ చెయ్యమని నేనెప్పుడైనా అన్నానా?"

సీసా తీసుకుంది. కొన్ని నీళ్ళు ఆయన బూటు మీద ఒలికాయి. దాన్ని బల్ల మీద పెట్టేసి, ఆయన భార్య పక్కకి తిరిగి వెళ్ళి కూర్చున్నాక, వినీత్ వైపు వంగింది. వినీత్ మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు విన్నావ్," అంది. "నేను ఆఫ్ చేస్తానన్నాను. విన్నావా లేదా?"

"విన్న."

"మరెందుకు?"

"ఇనుర్రి మేడమ్," అన్నాడు వినీత్. దేదీ అని పిలిచేవాడు ఇన్నాళ్ళూ. "ఇన్సూరెన్స్‌ల ఇచ్చే కాలుతోని గుమ్మం కూడ దాటలేను. డాక్టర్ సాబ్ మంచి కాలు పెట్టిస్తున్నడు. ఆయన దోస్తే సర్జన్. అసోసియేషన్ ఫండ్ మీద సంతకం ఆయనది. వచ్చే నెల కొలతలకు రమ్మన్నరు. నువ్వు ఇప్పుడు నోరు తెరిస్తే ఆ కాలు పోతది నాకు. ఇంకోపారి."

"నేను నిన్ను వదిలేసి పోలేదు వినీత్. నీకు ఇప్పుడు తెలుసు."

"తెలుసు గనకనే చెప్తున్న. నాకు తెలిసింది గద, చాలదా నీకు? ఇగ కూసో." కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకునే చెయ్యి మైకు మీదుంది. "ఒక తుమ్ము కోసం ఒక కాలు ఇచ్చిన. నీ నిజం కోసం ఇంకోటి ఇయ్యలేను."

అందరిలోకీ అతని కోసమే వచ్చింది ఆమె. అతనికి తెలియాలనుకుంది, తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం అతనే కూర్చోమంటున్నాడు. ఇంత ఘోరంగా కోరిక తీరడం ఎక్కడైనా ఉంటుందా అని నన్నడక్కండి. దేదీప్యనే అడగండి. ఆమెకు ఆ క్షణంలో వినీత్ మీద కోపం కూడా రాలేదు. కూర్చుంటే అతను నడుస్తాడు. కూర్చుంటే తను జీవితమంతా, ఈ ఊళ్ళో ఎవరింట్లో పూజకు వెళ్ళినా, ఒక కుర్రాడి కాలు తీసేసిన నిర్లక్ష్యపు పిల్లగా ప్రసాదం పుచ్చుకోవాలి. అక్కడ ప్రసాదం పెట్టేవాళ్ళంతా ఈ హాల్లో నిజం విన్నవాళ్ళే.

"మిస్?" అంది చైర్‌పర్సన్. "వెయ్యమంటారా, వద్దంటారా?"

దేదీప్య వెనక్కి తిరిగింది. వరసల్లో ఉన్న మొహాలన్నింటినీ ఒక్కొక్కటిగా చూసింది. ఆవకాయ ఆంటీ, పైకప్పు హర్షవర్ధన్, దగ్గినాయన. చివరికి లీల ఆంటీ. ఆవిడ ఒక్కతే చూపు తప్పించలేదు. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో దేదీప్యకు తెలియలేదు, ఎందుకంటే పక్కనే డాక్టరు గారి చెయ్యి ఆవిడ మణికట్టు పట్టుకుని ఉంది.

వినీత్ వేళ్ళను ఒక్కొక్కటే మైకు మీద నుంచి తీసింది. అతను బలం పెట్టలేదు. బలం పెట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలా రోజులు అనుకుంది.

"వెయ్యండి," అంది.

లైట్లు తగ్గాయి. ఈసారి కింద అక్షరాలు లేవు. మంచు, పొగ, ఎర్ర జాకెట్. చీకట్లో చక్రాల కుర్చీ వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది. అది తలుపు వైపు వెళ్ళలేదు. రెండడుగుల దూరంలో, ఆమె వీపు వెనక ఆగింది. అతని ఊపిరి ఆమెకు వినపడుతోంది.

తెర మీద దేదీప్య తుమ్మింది. మైకు ముందు దేదీప్య నోరు తెరిచింది.